పిల్బరా గవులు (గుహలు), మన సంతకాలు: గని ఉద్యోగాల్లో ఉన్న తెలుగువారికి బహిరంగ లేఖ

పశ్చిమ ఆస్ట్రేలియా గనుల్లోనూ, పెర్త్‌లోని గని ఆఫీసుల్లోనూ పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లకు, జియాలజిస్టులకు, సర్వేయర్లకు, ఐటీ వాళ్ళకు, మనలో మేనేజర్ల దాకా ఎదిగిన పెద్దలకు,

నమస్కారం.

పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తరాన ఇనుప ఖనిజం దొరికే పిల్బరా లాంటి చోట్ల, గనుల కోసం అక్కడి ఆదివాసుల పాత గుహలు ఎలా పోతున్నాయో, అందులో మన పాత్ర ఏమిటో మాట్లాడాలి. ఈ విషయం మీద ఇంతకుముందే రెండు ఉత్తరాలు రాశాను. మొదటిది నేను పనిచేసే చోట మా విభాగం పెద్దలకు. రెండోది గని రంగంలో ఉన్న మన తెలుగువాళ్ళు కలిసి నడుపుకుంటున్న ఒక బృందం నిర్వాహకులకు. మొదటిదానికి "అందింది" అని ఒక్క ముక్క వచ్చింది. ఎనిమిది నెలలైనా ఇంకో మాట లేదు. రెండోదానికి ఫోన్ చేసి మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, మనం ఇక్కడికి బతకడానికి వచ్చాం, వాళ్ళ గొడవలు మనకెందుకు" అన్నారు. ఆ మాట అన్నాయన మంచివారు, ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాటకు ఒప్పుకోలేను. అందుకే అందరికీ కలిపి బయటే రాస్తున్నాను.

నా పని మ్యాపులు. పిట్, అంటే గని గొయ్యి, ఎక్కడిదాకా వెళ్తుంది, రోడ్డు ఎక్కడ వేస్తారు, డ్రిల్ రిగ్ ఎక్కడ దిగుతుంది, ఇవన్నీ పొరలు పొరలుగా స్క్రీన్ మీద పెడతాను. ఆ పొరల్లో ఒకటి ఆదివాసుల వారసత్వ స్థలాలది. ఆ పొరలో ఒక గుహ అంటే ఒక చిన్న పాలిగాన్ (మూసిన గీతల బొమ్మ), దాని చుట్టూ పనులు లోపలికి రాకూడదనే బఫర్ గీత, పక్కన ఒక నంబరు. అంతే. పేరు ఉండదు, ఎంత పాతదో ఉండదు, ఎవరిదో ఉండదు. ఆ గీతను ఇటు జరపడం, అటు జరపడం మౌస్‌తో రెండు క్షణాల పని.

నాది బేతంచెర్ల. మా నాన్న నాపరాయి గనుల్లో పనిచేశారు. మా ఊరికి దగ్గర్లోనే బిల్లసర్గం గుహలున్నాయి. మా వైపు గుహను గవి అంటాం. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర ఆ గవుల్లో తవ్వకాలు జరిపించి జంతువుల ఎముకలు తీశాడని బళ్ళో చెప్పారు. చిన్నప్పుడు నాకు అది పిక్నిక్ స్పాట్. గవి నేలలో ఏముంటుందో అర్థం కావడానికి నాకు ఇంకో ఖండం దాకా రావాల్సి వచ్చింది.

జూకన్ లోయలో జరిగింది

మీలో చాలామందికి ఈ కథ పైపైన తెలుసు. కొత్తగా చేరినవాళ్ళకిచ్చే ఇన్‌డక్షన్ శిక్షణలో ఒక స్లైడ్ వేస్తారు, తర్వాతి స్లైడ్‌కి వెళ్ళిపోతారు. అందుకే కాస్త నిదానంగా చెప్తాను.

పిల్బరాలో హామర్స్‌లీ కొండల్లో, టామ్ ప్రైస్‌కి వాయవ్యంగా దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో జూకన్ లోయ ఉంది. అది పుటు కుంటి కురమ, పినికురా ప్రజల నేల. ఆ లోయకున్న పేరు వాళ్ళ పూర్వీకుడిది. అక్కడ రెండు కొండగుహలు, జూకన్ 1, జూకన్ 2. పక్కనే రియో టింటో కంపెనీ వాళ్ళ బ్రాక్‌మన్ 4 ఇనుప ఖనిజం గని.

1972 నాటి రాష్ట్ర వారసత్వ చట్టంలో సెక్షన్ 18 అని ఒకటుంది. స్థలాన్ని పాడుచేయడానికి మంత్రి అనుమతి ఇచ్చే సెక్షన్ అది. 2013లో ఆ అనుమతి కంపెనీకి వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 2014లో, ఎలాగూ పోయే గుహే కదా, ఉన్నంతలో తీసి దాచుదామని పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వారు. దాదాపు 7,000 వస్తువులు దొరికాయి. 46,000 ఏళ్ళ కిందటినుంచి మనుషులు అక్కడికి వస్తూ ఉన్నారని తేలింది. మంచుయుగం ఉధృతంగా ఉన్నప్పుడు లోతట్టు ఆస్ట్రేలియా ఇప్పటికన్నా ఎండిపోయి, చలిగా ఉండేది. ఆ కాలంలో కూడా ఆ గుహను మనుషులు వదల్లేదు. కంగారూ కాలి ఎముకను చెక్కి మొన చేసిన ఒక పనిముట్టు 28,000 ఏళ్ళది.

వీటన్నిటిలో నన్ను కదిలించింది ఒక జడ ముక్క. 4,000 ఏళ్ళ కిందట పలువురి వెంట్రుకలు కలిపి అల్లిన నడికట్టు తాలూకు ముక్క అది. మన పిల్లలకు కట్టే మొలతాడు లాంటిదనుకోండి. దాని డీఎన్‌ఏ చూస్తే, ఆ వెంట్రుకలు ఇప్పుడు అక్కడ బతికున్న కుటుంబాల పూర్వీకులవేనని తెలిసింది. నాలుగు వేల ఏళ్ళు! మనం గోత్రం చెప్పుకుంటాం, ఏడు తరాల పేర్లు అడిగితే తడబడతాం. వాళ్ళకు మాత్రం తమ తాతముత్తాతల తల వెంట్రుకలు, వాళ్ళు కూర్చున్న గుహ నేలలోనే దొరికాయి.

ఇంత తెలిశాక కూడా 2013 నాటి అనుమతి అనుమతిగానే ఉండిపోయింది. కొత్త సంగతి బయటపడితే అనుమతిని మళ్ళీ తిరగదోడాలని చట్టంలో లేదు. కంపెనీలోనూ ఎవరూ కాగితం వెనక్కి తీయలేదు.

2020 మే నెలలో, జూలైలో వచ్చే నైడాక్ వారానికి (ఆదివాసుల సంస్కృతిని గౌరవించుకునే వారం) గుహల దగ్గరికి వెళ్ళి రావచ్చా అని ఆ ప్రజలు కంపెనీని అడిగారు. అప్పుడు తెలిసింది, రంధ్రాల్లో అప్పటికే మందు దట్టించారని. ఆపమని బతిమాలారు, లాయర్లతో చెప్పించారు, కేంద్ర ప్రభుత్వం తలుపు కూడా తట్టారు. మే 24, ఆదివారం నాడు పేల్చేశారు.

ఆ పేలుడు వల్ల కంపెనీకి అందుబాటులోకి వచ్చిన ఖనిజం 80 లక్షల టన్నులు, విలువ దాదాపు 13.5 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. ఈ పేలుడు మీద విచారణ జరిపిన ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ ముందు ఇంకో నిజం బయటికొచ్చింది. ఆ పిట్‌కి మొత్తం నాలుగు ప్లాన్లు వేశారు. అందులో మూడు గుహల జోలికి పోనివి. ఆ మూడింటి సంగతి ఆ నేల ప్రజలకు చెప్పనే లేదు. నాలుగోదే చెప్పారు.

ఆ నాలుగు ప్లాన్లూ ఎవరో ఒకరు మనలాగే స్క్రీన్ ముందు కూర్చుని గీసినవే. నాకు నిద్ర పట్టనివ్వనిది ఈ సంగతే.

గవి నేల ఎందుకు అంత విలువైంది

"ఒక గుహ పోతే ఏం, ఆ కొండల్లో వందల గుహలున్నాయి" అని మన క్యాంపు మెస్సులో కూర్చుని అనేవాళ్ళున్నారు. చదువుకున్నవాళ్ళే అంటున్నారు కాబట్టి జవాబు చెప్పాలి.

ఎడారి అంచున బయలు నేలమీద మనిషి వదిలిన గుర్తు గాలికి, వరదకు కొట్టుకుపోతుంది. గుహలో అలా కాదు. పొయ్యి వేసిన బొగ్గు, తిన్న జంతువు ఎముక, చెక్కిన రాయి పెళ్ళ, గాలికొచ్చిన పుప్పొడి, కప్పునుంచి రాలిన మట్టి, అన్నీ ఏటికేడు ఒకదానిమీద ఒకటి పరుచుకుంటాయి. మనం గాదెలో ధాన్యం పోసినట్టు పాతది అడుగున, కొత్తది పైన. బొగ్గును రేడియోకార్బన్ పద్ధతిలో, ఇసుక రేణువులను, అవి చివరిసారి వెలుతురు చూసి ఎన్నాళ్ళైందో చెప్పే కాంతి పద్ధతిలో పరీక్షించి ఏ పొర ఎన్నేళ్ళదో చెప్తారు. పొర కదిలిపోతే వస్తువు మిగులుతుందేమో గానీ దాని కాలం పోతుంది. పేల్చిన గుహలో రాయి దొరికినా అది ఏ పొరదో చెప్పడం కష్టం.

ఒకప్పుడు పండితులే, ఆస్ట్రేలియా నడిమధ్యన ఉన్న ఎడారికి మనుషులు చాలా ఆలస్యంగా వెళ్ళారని అనుకునేవాళ్ళు. ఆ మాటను మార్చింది కూడా ఒక గుహే. ఆలిస్ స్ప్రింగ్స్‌కి పడమరగా క్లీలాండ్ కొండల్లో పురిట్జర అనే రాతి చూరు ఉంది, కుకట్జ ప్రజల నేల. 1980ల్లో పురావస్తు శాస్త్రవేత్త మైక్ స్మిత్ అక్కడ తవ్వి, 1987లో 22,000 ఏళ్ళ నాటి ఉనికిని ప్రకటించారు. తర్వాతి పరీక్షల్లో అది 30,000 ఏళ్ళు దాటి ఇంకా వెనక్కి వెళ్ళింది. అక్కడ దొరికిన జేగురు ముద్దలు ఎక్కడివా అని చూస్తే, చాలావరకు దాదాపు 125 కిలోమీటర్ల దూరంలోని కర్కు గనివి. ఆ ఎండిన కాలంలో, ఎడారి గుండా, అంత దూరంనుంచి ఎర్రమన్ను మోసుకొచ్చారన్నమాట. దారి తెలిసి ఉండాలి, నీళ్ళెక్కడున్నాయో తెలిసి ఉండాలి, అవతలి చోటివాళ్ళతో మాట ఉండాలి. మనం గని రంగంలో ఉన్నాం కదా, ఒక్కసారి ఆలోచించండి: ఈ దేశంలో మనకన్నా ముందు ఖనిజం తవ్విన వాళ్ళు, దాన్ని వంద కిలోమీటర్లకు పైగా చేరవేసిన వాళ్ళు వీళ్ళే.

ఇంకొకటి కర్నటుకుల్. పశ్చిమ ఆస్ట్రేలియాలోని చిట్టి ఇసుక ఎడారిలో (లిటిల్ శాండీ డెజర్ట్), కార్నార్వాన్ కొండల్లో ఉన్న గుహ. పురావస్తు శాస్త్రవేత్తలు పీటర్ వెత్, జో మెక్‌డొనాల్డ్ బృందం ఆ నేల ప్రజలతో కలిసి పనిచేసి 2018లో ఫలితాలు ప్రచురించింది. ఆ గుహకు మనుషులు మొదట వచ్చి దాదాపు 47,000 ఏళ్ళు అయింది. 25,000 దాకా రాతి వస్తువులు దొరికాయి. వాటిలో 43,000 ఏళ్ళ నాటి ఒక చిన్న రాతి పనిముట్టు ఉంది, ఒకవైపు మొద్దు చేసి, కర్రకు బిగించడానికి అనువుగా చెక్కింది. అలాంటి పనితనం ఆస్ట్రేలియాలో అప్పటికి తెలిసినదానికన్నా సుమారు 15,000 ఏళ్ళు ముందరిది. పొయ్యిల బొగ్గు చూస్తే వాళ్ళు ఎక్కువగా కాల్చింది తుమ్మ జాతి కట్టె. తుమ్మ మొద్దు నిప్పు నిలబడుతుందని మా అమ్మమ్మకూ తెలుసు.

అక్కడ ఆ పరిశోధన జరగడానికి కారణం, ఆ నేల ప్రజలు రమ్మన్నారు, వెంట ఉన్నారు, ఎక్కడ తవ్వాలో ఎక్కడ తవ్వకూడదో చెప్పారు. గుహ గుహగానే ఉంది. రేపు మెరుగైన పద్ధతి వస్తే మళ్ళీ అడిగి మళ్ళీ చూడొచ్చు. జూకన్ దగ్గర ఆ అవకాశం లేకుండా చేశారు. ఇప్పుడు ఆ ప్రజలే, పురావస్తు శాస్త్రవేత్తలే, కూలిన రాళ్ళు తీసి జూకన్ 2ని మళ్ళీ చేతులతో తవ్వుకోవాల్సి వచ్చింది.

మనవైపు సంగతి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే ఇంకొకరికి నీతులు చెప్తున్నట్టుంటుంది. ఇప్పటి నంద్యాల జిల్లాలో, జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పటి బూడిద అక్కడ మేటలుగా ఉంది. రవి కొరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం ఆ బూడిదకు పైనా కిందా రాతి పనిముట్లు ఉన్నాయని 2007లో ప్రచురించింది. ప్రపంచం మొత్తం మా జిల్లా వైపు చూసింది. మనమేం చేశాం? ఆ బూడిదను సబ్బు పొడుల్లో కలపడానికని తవ్వుకుపోయాం. కూలికి తవ్విన పేదవాళ్ళను నేననను. చెప్పాల్సిన చదువుకున్నవాళ్ళు చెప్పలేదు. ఇక్కడ ఆ చదువుకున్నవాళ్ళం మనం.

ఇందువల్ల నష్టపోయేది మామూలు మనుషులే

1. ఆ నేల పిల్లలు. పెద్దవాళ్ళు పిల్లలను గుహకు తీసుకెళ్ళి, ఇక్కడ మీ ముత్తాత కూర్చునేవాడని చెప్పే పద్ధతి వాళ్ళది. వాళ్ళ బడి, గుడి, దస్తావేజు అన్నీ ఆ చోటే. ఆ చోటు పోతే చెప్పే పెద్దాయనకు కథ గుర్తున్నా, చూపించడానికి చెయ్యి ఎటు చాచాలో తెలియదు.

2. అడ్డుచెప్పే హక్కు లేనివాళ్ళు. పాత సెక్షన్ 18 కింద అనుమతి రాకపోతే కంపెనీ అప్పీలుకు పోవచ్చు. అనుమతి వస్తే ఆ నేల ప్రజలకు అప్పీలు లేదు. పైగా కంపెనీలతో చేసుకున్న ఒప్పందాల్లో అభ్యంతరం చెప్పకుండా, బయట మాట్లాడకుండా నోరు కట్టేసే షరతులు ఉన్నాయని పార్లమెంటు విచారణలో వచ్చింది. డబ్బు తీసుకున్నారు కదా అని మనవాళ్ళు తేలిగ్గా అంటారు. మన ఊళ్ళో ప్రాజెక్టు కింద పొలం పోయినవాడు నష్టపరిహారం తీసుకున్నాడని వాడికి బాధ లేదంటామా? శ్రీశైలం నీళ్ళ కింద మునిగిన ఊళ్ళవాళ్ళను అడగండి. మా బంధువుల్లోనే ఉన్నారు.

3. పొలాలున్నవాళ్ళు, ఇళ్ళు కట్టుకునేవాళ్ళు. జూకన్ తర్వాత రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది. 2023 జూలై 1న అమలులోకి వచ్చింది. 1,100 చదరపు మీటర్లు దాటిన స్థలాలకు కొత్త నిబంధనలు అనేసరికి రైతులు హడలిపోయారు. మన తెలుగు ఇళ్ళల్లోనూ "పెరట్లో మామిడి చెట్టు నాటాలన్నా పర్మిషనా" అని టెన్షన్ పడ్డారు. సరిగ్గా వివరించేవాళ్ళు లేక భయం పెరిగింది. ఆగస్టు 8న ప్రభుత్వం వెనక్కి తగ్గింది, నవంబరులో ఆ చట్టం రద్దయి 1972 చట్టమే కొన్ని సవరణలతో తిరిగొచ్చింది. రైతుకు భయం మిగిలింది, ఆదివాసికి అదే పాత చట్టం మిగిలింది.

4. మనం. దీని గురించి ఎవరూ మాట్లాడరు. 482 వీసా (కంపెనీ స్పాన్సర్ చేసే తాత్కాలిక ఉద్యోగ వీసా) మీద వచ్చిన కుర్రాడు మీటింగులో "ఈ గుహ సంగతి ఏంటి" అని అడగగలడా? ఉద్యోగం పోతే దేశం వదలాల్సి వస్తుందని వాడి భయం. భార్య గర్భిణి, ఇంటిమీద అప్పు, ఊళ్ళో అమ్మానాన్నల మందులు. అడగలేడు. నేనూ నా మొదటి మూడేళ్ళు అడగలేదు. ఒక గీత జరపమన్నారు, జరిపాను. అక్కడ ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు. ఈ లేఖ రాయడానికి అదొక కారణం.

5. వాటాలున్నవాళ్ళు. అంటే జీతంతో పాటు సూపర్ (రిటైరయ్యాక అందే పింఛను నిధి) జమ అవుతున్న ప్రతి ఒక్కరూ. మీ సూపర్ ఫండ్ దగ్గర గని కంపెనీల షేర్లు ఉండే అవకాశమే ఎక్కువ. జూకన్ తర్వాత పెద్ద ఫండ్లు గట్టిగా నిలదీశాకే రియో టింటో సీఈవో జాన్ సెబాస్టియన్ జాక్, ఇంకో ఇద్దరు పెద్ద అధికారులు తప్పుకుంటారని 2020 సెప్టెంబరులో ప్రకటన వచ్చింది. మొదట బోనస్ కోతతో సరిపెట్టాలని చూశారు. ఫండ్లు ఒప్పుకోలేదు. చట్టం చేయలేనిది మామూలు ఉద్యోగుల పింఛను డబ్బు చేసింది.

మిమ్మల్ని అడుగుతున్నవి

పార్లమెంటు కమిటీ 2020 డిసెంబరులో మధ్యంతర నివేదిక, 2021 అక్టోబరులో తుది నివేదిక ఇచ్చింది. 2022 నవంబరులో కంపెనీకి, ఆ ప్రజలకు మధ్య పరిహార ఒప్పందం కుదిరింది. వారసత్వ స్థలాలకు కొత్త జాతీయ చట్టం కావాలని కమిటీ అడిగింది, అది ఇంకా మాటల్లోనే నలుగుతోంది. అవన్నీ వాళ్ళ చేతుల్లో ఉన్నవి. నేను అడిగేవి మన చేతుల్లో ఉన్నవి.

1. ప్లానింగ్‌లో ఉన్నవాళ్ళు, వారసత్వ స్థలం మీదుగా పోయే ఏ ప్లాన్ మీదైనా సంతకం పెట్టేముందు తవ్వకాల నివేదిక చదవండి. సారాంశం చాలదు, మొత్తం చదవండి. నివేదిక లేదంటే అది వచ్చేదాకా ఆగమని రాతపూర్వకంగా అడగండి. ఈమెయిల్ చాలు. అడిగినట్టు రికార్డు ఉంటే ఆ తర్వాత ఎవరూ "మాకు తెలియదు" అనలేరు.

2. "ఇంకో దారి ఉందా? ఉంటే ఆ నేల ప్రజలకు చెప్పారా?" ఈ రెండు ప్రశ్నలు ప్రతి పిట్ డిజైన్ సమీక్షలో అడగాలి. జూకన్‌ని కాపాడగలిగిన ప్రశ్న రెండోదే. వీసా భయం ఉన్న కుర్రాళ్ళను అడగమనడం లేదు. సిటిజన్లు అయిపోయి, ఇల్లు కొనుక్కుని, మేనేజర్ కుర్చీలో ఉన్న అన్నలూ, అక్కలూ, మీరు అడగండి. వాళ్ళ తరఫున కూడా మీరే అడగండి.

3. అనుమతి వచ్చాక కొత్త విషయం బయటపడితే వెంటనే పైకి పంపండి. 2023 సవరణల తర్వాత కొత్త సమాచారం వస్తే మంత్రికి తెలియజేయాల్సిన బాధ్యత ఉంది. ఆ నేల ప్రజలకు కూడా ఇప్పుడు రాష్ట్ర ట్రిబ్యునల్‌కి వెళ్ళే హక్కు వచ్చింది. కానీ కింది ఉద్యోగి చెప్పకపోతే మంత్రికి ఎలా తెలుస్తుంది? డ్రిల్ రిగ్ దగ్గర ఉన్నవాడు, ల్యాబ్ ఫలితం మొదట చూసినవాడు, నాలాగా మ్యాపులో గీత చూసినవాడు మొదట చెప్పాలి.

4. మ్యాపుల పని చేసేవాళ్ళకు, అంటే నాతో పనిచేసేవాళ్ళకు: నంబరు పక్కన పేరు, కాలం, ఎవరి నేలో రాసే చోటు పెట్టిద్దాం. కొన్ని చోట్ల వివరాలు బయటికి చెప్పకూడనివి ఉంటాయి. ఏది రాయాలో ఆ ప్రజలే చెప్పాలి, వాళ్ళను అడిగే రాయాలి. మా విభాగానికి నేను రాసిన మొదటి ఉత్తరంలో అడిగింది ఇదే. దీనికి ఖర్చు కూడా పెద్దగా లేదు, డేటాబేసులో మూడు కాలమ్స్.

5. తెలుగు సంఘాల నిర్వాహకులకు: ఉగాదికి సినిమా పాటల మధ్య ఒక అరగంట ఇవ్వండి. ఆ నేల పెద్దలను పిలిచి, వాళ్ళ సమయానికి తగిన గౌరవ పారితోషికం ఇచ్చి, వాళ్ళు చెప్పాలనుకున్నది చెప్పనివ్వండి. ముందు వరుసలో మన పిల్లలను కూర్చోబెట్టండి. వాళ్ళు ఇక్కడ పుట్టినవాళ్ళు, వాళ్ళకు ఇది పరాయి కథ కాదు.

6. సెలవులకు కారిజిని నేషనల్ పార్క్, పిల్బరా తిరిగే కుటుంబాలకు: బోర్డు లేకపోయినా గుహలోకి దూరకండి, రాతి చెక్కడాలను తాకకండి, లొకేషన్ పెట్టి ఫొటోలు పంచకండి, రాయి జేబులో వేసుకోకండి. నలర్బర్ మైదానం కింద కునల్డ గుహలో వేల ఏళ్ళ నాటి వేలి గీతలను ఎవరో లోపలికి చొరబడి పాడుచేసిన సంగతి 2022లో బయటపడింది. మిర్నింగ్ ప్రజలకు అది పవిత్రమైన చోటు. దానికి కంపెనీ, డైనమైటు అక్కర్లేకపోయింది.

7. ఓటున్న ప్రతి ఒక్కరూ మీ ఎంఎల్ఏకి ఒక ఉత్తరం రాయండి. ముందుగా, పూర్తి సమాచారంతో, ఒత్తిడి లేకుండా ఆ ప్రజలు ఒప్పుకుంటేనే స్థలం ముట్టుకోవాలనే నిబంధన చట్టంలో రావాలని అడగండి. సూపర్ ఫండ్‌కి ఇంకొకటి రాయండి: నా డబ్బు ఏ గని కంపెనీలో ఉంది, ఆ కంపెనీ ఈ విషయంలో ఏం చేస్తోంది అని. తెలుగులో ముసాయిదా కావాలంటే నేను రాసి ఇస్తాను, ఇంగ్లీషులో కూడా.

"బతకడానికి వచ్చాం" అన్న మాటకు తిరిగొస్తాను. నిజమే. మా నాన్న కూడా బతకడానికే రాయి కొట్టారు. కానీ గనిలో మందు పేల్చేముందు ఆయన చేసే పని ఒకటుండేది. కేక వేసి ఊరుకునేవారు కాదు, గట్టు చుట్టూ ఒకసారి తిరిగి, మేకలు కాసే పిల్లలెవరైనా గవి నీడలో పడుకున్నారేమో చూసి వచ్చేవారు. మేస్త్రీ తిట్టేవాడు, టైము పోతోందని. నాన్న మాత్రం చూసి వచ్చాకే సైగ చేసేవారు. ఆయనకు ఆ పని ఎవరూ చెప్పలేదు, దానికి జీతమూ లేదు.

జూకన్ గుహలో ఎవరున్నారో చూసి రావడానికి కంపెనీకి ఆరేళ్ళకు పైగా టైము ఉంది.

పైన అడిగిన వాటిలో మీరు చేయగలిగింది ఒక్కటైనా ఎంచుకుని, ఏది చేస్తున్నారో ఒక వాక్యం రాసి పంపండి. కంపెనీ పేరు, మీ పేరు అవసరం లేదు, పని ఏదో రాస్తే చాలు. రెండు నెలలు ఎదురుచూస్తాను. వచ్చిన వాక్యాలన్నీ ఒక కాగితం మీద పెట్టి, మా విభాగానికి ఇంకో ఉత్తరం రాసి జతచేస్తాను. ఈసారి "అందింది" అంటే ఒప్పుకోను. ఆ మూడు కాలమ్స్ ఎప్పుడు పెడతారో తేదీ అడుగుతాను.

ఇట్లు,
పెర్త్‌లో మ్యాపుల పని చేసే ఒక బేతంచెర్ల ఆడపడుచు